టైరు చెప్పులు, అమ్మ బుగ్గ

2022, వానాకాలం. తోంగ్‌పాల్‌లో జగదల్‌పూర్-సుక్మా రోడ్డు పక్కన మా పాత టైర్ల యార్డు. దూరం నుంచి చూస్తే నల్లగా, చిన్న గుట్టలా కనిపిస్తుంది. బోర్డు మీద హిందీలో 'టైర్ రీసైక్లింగ్' అని మా తమ్ముడు రాయించాడు. నాన్న ఉన్నప్పుడు అందరూ పాత టైర్ల కొట్టు అనే అనేవారు. బోర్డు మారింది గానీ వాసన మారలేదు. పెళ్లికి కట్టుకెళ్లిన పట్టుచీరకు కూడా ఆ రబ్బరు వాసన ఉంటుందట. నాకు తెలియదు, పక్కన కూర్చున్నవాళ్లు చెబుతారు.

అరిగిపోయిన టైర్లతో ఏం చేస్తారని చాలామంది అడుగుతుంటారు. ఇప్పుడైతే కటింగ్ మెషీన్ ఉంది. తమ్ముడు టైర్లను ముక్కలు చేయించి లారీకెత్తించి రాయ్‌పూర్ వైపు ఫ్యాక్టరీలకు పంపుతాడు. అక్కడ వాటిని పొడి చేసి మళ్లీ రబ్బరు సామాను తయారుచేస్తారు. కానీ మా ఇంటి అసలు పని కత్తితో మొదలైంది. నాన్నది కొంటా ఊరు. శబరి ఒడ్డున ఆగే లారీలకు పంక్చర్లు వేస్తూ పని నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక అమ్మను తీసుకుని ఇక్కడికి వచ్చి రోడ్డు పక్కన రేకుల పాక వేశాడు. లారీవాళ్లు పనికిరాని టైర్లను అక్కడే పారేసి పోయేవారు. పారేసిన వస్తువు కనిపిస్తే నాన్నకు చెయ్యి ఊరుకునేది కాదు. ముందు బావిలో నీళ్లు తోడే చేద కోశాడు. తర్వాత పశువులకు కుడితి తొట్టి, ఆ తర్వాత చెప్పులు.

టైరు చెప్పులంటే నవ్వేవాళ్లు ఒక్కసారి మా అడవిదారుల్లో తునికాకు కోతకు వెళ్లి రావాలి. ముల్లు దిగదు, బురదకు చెడదు, రెండు వానాకాలాలు పోయినా అరగదు. కోయడం బలం పని అనుకుంటారు గానీ, బలం కంటే సబ్బునీళ్లు ముఖ్యం. కత్తిని సబ్బునీళ్లలో ముంచుతూ కోస్తే రబ్బరు ముదిరిన గుమ్మడికాయలా తెగుతుంది. నాన్న సోల్ కోసేవాడు. సోల్ అంటే చెప్పు కింది ముక్క. అమ్మ దానికి పట్టీలు తొడిగేది.

పట్టీలు తొడిగే ముందు అమ్మ ఒక పని చేసేది. సోల్‌ను రెండు చేతుల్తో పట్టుకుని, కాలు ఆనే వైపును బుగ్గకు ఆనించి, మడమ నుంచి వేళ్ల దాకా మెల్లగా లాగేది. కళ్లు మూసుకునేది. ఒక్కోసారి సగంలో ఆగి, తల ఊపి, ఆ ముక్కను పక్కన పడేసేది. నాన్న ఎప్పుడూ ఒకటే అడిగేవాడు, "మీ అమ్మ చూసిందా?" అని. చూసిందంటేనే అమ్మకానికి పెట్టేవాడు.

నేను దాన్ని దండం అనుకున్నాను. డ్రైవర్లు స్టీరింగు ముట్టి కళ్లకద్దుకుంటారు, కూరగాయలమ్మే ఆమె తక్కెడకు మొక్కుతుంది. అమ్మ భక్తి బుగ్గ దాకా వచ్చిందనుకున్నాను. పక్కన పడేసిన ముక్కలు ఏదో శకునం బాగోక పడేసినవనుకున్నాను. పదో తరగతి చదివిన నాకు అమ్మను అడిగి తెలుసుకోవాలని తోచలేదు. పట్టీలు అమ్మే తొడిగేది కాబట్టి ఆ ముక్కలు నా దాకా వచ్చేవి కావు.

నాన్న పోయాక కత్తి నేను పట్టాను. తమ్ముడికి మెషీన్లంటే ఇష్టం, నాకు ముందు గదిలో కూర్చుని చేద, చెప్పు కోయడం ఇష్టం. నోరు కూడా కాస్త ఎక్కువే, బేరానికి అది పనికొస్తుంది. అలా ఏళ్లు గడిచాయి. 2022 ఎండాకాలంలో ఒక సంత రోజున, దంతెవాడలో ఏదో ఆఫీసులో పనిచేసే ఒక సారు జీపుకు గాలి కొట్టించుకోవడానికి ఆగాడు. అమ్మ బుగ్గకు సోల్ ఆనించడం చూసి ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. "మాతాజీ చెప్పుకు ముద్దు పెడుతోంది" అని హిందీలో అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం అమ్మతో అనేశాను. "అమ్మా, ఇగ ఆపు. చెప్పు ముఖానికి పెట్టుకునుడు ఏంది? మనల్ని చూసి జనం నవ్వుతున్నరు. మొక్కాలంటే ఇంట్ల దేవుడున్నడు కదా?"

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు చూసుకుంటవా మరి?" అంది.

"నేను చూసుకుంటలే."

"సరే తియ్."

మర్నాటి నుంచి అమ్మ పని పీట మీదికి రాలేదు. వంటింట్లో ఉండిపోయింది. నేను గెలిచాననుకున్నాను. చూసుకుంటానన్న మాటకు కొట్టు చూసుకోవడమని అర్థం చెప్పుకున్నాను.

వానలు మొదలయ్యాక ఎస్తేరు సిస్టర్ జోగమ్మను తీసుకొచ్చింది. సిస్టర్ మా దగ్గరి ఆసుపత్రిలో నర్సు. కిరండూల్ లైన్లో పనిచేసిన రైల్వేవాళ్ల అమ్మాయి, శ్రీకాకుళం వైపు మాట. జోగమ్మ దోర్లా తెగ మనిషి. అరవై దాటి ఉంటాయి. సంతలో చింతపండు అమ్ముతుంది. కుడికాలికి కట్టు ఉంది, రెండు వేళ్లు లేవు.

"ఏటంటే పద్మగారూ, ఈమెకి కుష్టు వచ్చి తగ్గిపోయింది. మందులన్నీ వాడేసింది, ఇప్పుడు ఎవరికీ అంటదు" అంది సిస్టర్. "కానీ కాలికి స్పర్శ పోయింది. నిప్పు తొక్కినా తెలీదు, ముల్లు దిగినా తెలీదు. ఆసుపత్రి చెప్పులు ఈ వంకర కాలికి సరిపోలేదు. మీరు కొలత తీసి చెయ్యండి. మేకులు మాత్రం ఒక్కటీ కొట్టొద్దు." సంచిలోంచి మెత్తటి రబ్బరు షీటు తీసి ఇచ్చింది. దాన్ని ఎంసీఆర్ అంటారు. లోపల సన్నసన్నటి గాలి అరలుంటాయి, బరువు ఒకేచోట పడకుండా ఆపుతుంది. కింద టైరు సోల్, పైన ఈ మెత్త.

తర్వాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించింది. "ఇంకో పుండు పడి ఎముకకి దిగిందంటే పాదం తీసీవలసిందే."

గొంతు తగ్గించి లాభం లేకపోయింది, జోగమ్మ విననే విన్నది. "కాలు పోతే సంత పోతది బిడ్డా" అంది నాతో. "ఇంట్ల కోడలు నాకు వేరే గిన్నెల పెడ్తది. సంతల అట్ల కాదు. నా చేతుల కెళ్లి చింతపండు తీస్కుంటరు, పైసలు నా చేతుల పెడ్తరు. వారంల ఒక్క రోజన్న మనిషి లెక్క ఉంట."

నేను నేల మీద పాత పేపరు పరిచి కాలు పెట్టమన్నాను. వంగి, చెయ్యి చాచి, పెన్సిలు చివర పట్టుకుని చుట్టూ గీత గీశాను. ఆ పాదాన్ని తాకలేదు. సిస్టర్ చెప్పింది నిజమని తెలుసు, అయినా తాకలేదు. జోగమ్మ అది గమనించి పాదాన్ని తనే అటూ ఇటూ కదిపి నాకు సాయం చేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఇక్కడ టైరు గురించి రెండు మాటలు చెప్పాలి. పాత లారీ టైర్లు నైలాన్‌వి. లోపల దారాలే ఉంటాయి. చక్రానికి పట్టుకునే అంచున మాత్రం ఇనుప తీగ ఉంటుంది, ఆ అంచు కోసి తీసేస్తే మిగతాదంతా చెప్పులకు పనికొస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి రేడియల్ టైర్లు. వాటిలో నేలకు తగిలే భాగం కింద సన్నటి ఉక్కు తీగలు పరిచి ఉంటాయి. మా దగ్గరికి వచ్చే జీపు టైర్లలో సైడ్‌వాల్, అంటే పక్క గోడ, తీగ లేకుండా ఉంటుంది. సోల్ అక్కడి నుంచే తీస్తాం. పక్క గోడ పైకి తిరిగే వంపును, తీగలు మొదలయ్యే చోటును, భుజం అంటాం. కత్తి భుజం మీదికి పోకూడదు. అది మా ఇంట్లో మొదటి పాఠం.

జోగమ్మ పాదం కట్టుతో కలిపి బాగా వెడల్పు. నైలాన్ టైరు ఆ వారం ఒక్కటీ లేదు. జీపు టైరు మీద అచ్చు పెడితే మడమ దగ్గర ఒక వేలెడు భుజం మీదికి పాకింది. చూశాను. వేలెడే కదా అనుకున్నాను. కోశాక అరచేత్తో రెండుసార్లు తడిమాను, ఏమీ తగల్లేదు. ఎంసీఆర్ అతికించి, వెడల్పు పట్టీలు కుట్టి ఇచ్చాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి. డబ్బులు వద్దన్నాను కూడా. ఆ వద్దనడంలో ఎంత గొప్పలు పోయానో నాకే తెలుసు.

ప్రతి సంత రోజూ జోగమ్మ మా ముందు గచ్చు మీద బుట్ట దించి కాసేపు కూర్చునేది. "చెప్పులు ఎట్లున్నయ్ అవ్వా?" అని అడిగేదాన్ని. "పువ్వు లెక్కున్నయ్ బిడ్డా" అనేది. కొట్టుకు వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పుకున్నాను. సిస్టర్‌కు ఫోన్ చేసి మరీ చెప్పాను. కాలికి స్పర్శ లేదని ఆ సిస్టరే నాకు చెప్పింది. ఆ కాలు బాగుందంటే నేను నమ్మాను.

నాలుగో సంత నాడు తుప్పర పడుతోంది. గచ్చు తడిసి ఉంది. జోగమ్మ వచ్చి బుట్ట దించింది. నేను మామూలుగా అడిగాను, ఆమె మామూలుగా పువ్వు లెక్కున్నయ్ అంది. అమ్మ టీ గ్లాసులు తెస్తూ గడపలోనే ఆగిపోయింది. జోగమ్మ నడిచి వచ్చిన దారి చూస్తోంది. కుడి అడుగు పడిన ప్రతిచోటా ఒక ఎర్రటి మరక ఉంది, తుప్పరకు అంచులు చెదిరిపోతూ.

"జోగమ్మా, కదలకు" అంది అమ్మ.

గ్లాసులు కింద పెట్టి, వచ్చి కూర్చుని, జోగమ్మ కాలు ఎత్తి తన ఒళ్లో పెట్టుకుంది. కట్టు అడుగున నెత్తుటితో నానిపోయి ఉంది. జోగమ్మ తొంగి చూసి, "అయ్యో, ఎప్పుడైందో!" అంది, ఎవరిదో కాలు చూసినట్టు. నొప్పి లేదు కాబట్టి భయం కూడా ఆలస్యంగా వచ్చింది. అమ్మ కట్టు విప్పింది, మడమలో గుంట చూసి జోగమ్మ ఆమె కొంగు పట్టుకుంది. "కాలు తీసేస్తరా అక్కా?" అని అమ్మను అడిగింది.

నేను చెప్పు తీసుకుని అరచేత్తో తడిమాను. మళ్లీ తడిమాను. ఏమీ తగల్లేదు. "ఇందుల ఏం లేదమ్మా, ఎక్కడో రాయి గుచ్చుకున్నట్టుంది" అన్నాను. తప్పు నాది కాకూడదని ఎంత గట్టిగా కోరుకున్నానో ఇప్పటికీ గుర్తుంది.

అమ్మ నా చేతిలోంచి చెప్పు లాక్కుంది. పక్కనున్న సబ్బునీళ్లలో ముంచి కడిగింది, కొంగుతో తుడిచింది. బుగ్గకు ఆనించింది.

"అక్కా, వద్దు!" అని జోగమ్మ అరిచింది. రెండు చేతుల్తో అమ్మ మణికట్టు పట్టుకుంది. "నా చెప్పు అక్కా అది. నేను తొడిగింది. మొకానికి పెట్టుకోకు."

"నీదైతే ఏంది? చెప్పే కదా" అంది అమ్మ. మడమ నుంచి మెల్లగా లాగింది. కొంచెం లాగగానే ఉలిక్కిపడి ఆగింది. బుగ్గ మీద చిన్న గీత, గీత మీద నెత్తుటి చుక్క. ఆ చోట వేలు పెట్టి నాకు చూపించింది. కళ్లు చికిలించి చూస్తే కనబడింది. వెంట్రుకంత ఉక్కు తీగ మెత్త రబ్బరును పొడుచుకుని పైకి వచ్చి ఉంది. నేను భుజం మీదికి పోనిచ్చిన ఆ వేలెడులో తెగిన తీగ అది. నడిచిన కొద్దీ పైకి జరుగుతూ వచ్చింది.

జోగమ్మ తీగను చూడలేదు. అమ్మ బుగ్గనే చూస్తోంది. కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

తమ్ముడు జీపు తీశాడు. ఆసుపత్రిలో ఎస్తేరు సిస్టర్ పుండు కడిగి, సన్నటి కడ్డీతో లోతు చూస్తున్నంతసేపూ నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. చివరికి తల ఎత్తింది. "ఎముక తగల్లేదు. ఇంకో సంత దాకా ఇలాగే నడిచి ఉంటే తగిలీది. డాక్టరుగారు మందులు రాస్తారు. ఆరు వారాలు ఈ కాలు నేల మీద మోపకూడదు. అప్పటికి మానితే పాదం మిగిలినట్టే." తర్వాత నా వైపు తిరిగింది. "మేకులొద్దని చెప్పేను కదా, తీగలొద్దని వేరేగా చెప్పాలేటి?" అమ్మ బుగ్గ చూసి ఆమెకూ ఒక ఇంజక్షన్ పొడిచింది, తిట్లు ఇద్దరికీ సమంగా పంచింది.

ఆరు వారాలు ఎక్కడ ఉంటావని ఎవరూ జోగమ్మను అడగకముందే అమ్మ చెప్పేసింది. "మా ఇంట్లనే ఉంటది. చేసింది మేం, చూసేది మేమే."

ఆ సాయంత్రం జోగమ్మ పడుకున్నాక వంటింట్లో అమ్మ ఎదురుగా కూర్చున్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. "అది మొక్కు అనుకున్ననే అమ్మా. చూసుడని నాకెందుకు చెప్పలే?"

"చెప్పుడు ఏంది? నువ్వు చూసుకుంటనంటివి" అంది అమ్మ. కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యపోతోంది. "మీ నాన్న చేతులు కాయలు కాసి బండలైనయి. తీగ గుచ్చుకున్నా తెల్వకపోయేది. ఒకసారి ఎవరి కాలికో గుచ్చుకున్నది. అప్పటి నుంచి నేను బుగ్గ పెట్టి చూసిన. నీకెందుకు బుగ్గ? నీది చదువుకున్న చెయ్యి, మెత్తగుంటది, తడిమితే తెలుస్తదిలే అనుకున్న."

నా అరచెయ్యి చాపి ఆమె చేతిలో పెట్టాను. అమ్మ బొటనవేలితో దాన్ని అటూ ఇటూ నొక్కి చూసింది. వేళ్ల మొదళ్లలో కాయలు, కత్తి పిడి ఒరుసుకున్న చోట తోలు. మళ్లీ నొక్కి చూసింది.

"నా బిడ్డ చెయ్యి ఇంత గట్టిపడ్డదని నాకు తెల్వలే" అంది. ఆ చెయ్యి ఎత్తి తన బుగ్గకు ఆనించుకుంది, గీత ఉన్న వైపే.

ఆరు వారాలు జోగమ్మ మా ముందు గదిలో మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. మా కంచాల్లోనే తిన్నది. మొదటి రోజు తిన్న కంచం తనే విడిగా పెట్టుకుంటే అమ్మ దాన్ని తీసి మా కంచాల మధ్యలోకి నెట్టింది. జోగమ్మ చింతపండు గింజలు తీసి ఉండలు చుట్టేది, సంత రోజు బుట్ట మా గచ్చు మీదే పెట్టేవాళ్లం. కొనేవాళ్లు అక్కడికే వచ్చారు. మధ్యలో రెండుసార్లు కొడుకు వచ్చి చూసిపోయాడు. కట్టు మార్చే రోజు వచ్చిందంటే కత్తి పక్కన పెట్టేసేదాన్ని. సిస్టర్ కట్టు విప్పి "ఊఁ" అనేదాకా పక్కనే నిలబడేదాన్ని. మూడో వారం గుంట కాస్త పూడింది. అయిదో వారం కొత్త చర్మం గులాబీ రంగులో అంచుల నుంచి పాకింది.

ఆ రోజుల్లోనే అమ్మ ఆమెకు బుగ్గతో చూడడం నేర్పింది. "నీ కాలు నీకు చెప్పది జోగమ్మా. నీ బుగ్గ చెప్తది. పొద్దున తొడుక్కునే ముందు ఒకసారి ఆనించు. సాయంత్రం విప్పినంక కాలు తిప్పి చూసుకో." జోగమ్మ మొదట చెప్పును ముఖం దాకా తెచ్చి ఆపేసేది. అలవాటయ్యాక ఖాళీగా ఉండలేక నేను అంతకుముందు కోసి పెట్టిన సోళ్లన్నీ ఒక్కొక్కటే తీసుకుని చూసేది. రెండింటిని నా వైపు విసిరేసింది. రెండింటిలోనూ తీగ ఉంది. నాకు తెలియకుండా ఇంతకుముందు ఎన్ని అమ్మానో. ఆ ఎండాకాలం నుంచి మా దగ్గర రేడియల్ చెప్పులు కొన్నవాళ్లలో తెలిసినవాళ్లందరి ఇళ్లకూ వెళ్లి పాతవి తీసుకుని కొత్తవి ఇచ్చాను. తమ్ముడు గొణిగాడు గానీ జీపు తనే నడిపాడు.

ఆరు వారాలు నిండాక సిస్టర్ వచ్చి కట్టు తీసేసి, మళ్లీ కట్టలేదు. "నడవనీయండి, కొంచెం కొంచెం" అంది. అప్పటికి తమ్ముడు ఎక్కడెక్కడో వెతికి ఒక నైలాన్ లారీ టైరు తెచ్చాడు. నేను నేల మీద పేపరు పరిచాను. ఈసారి దగ్గరగా కూర్చుని, జోగమ్మ పాదాన్ని ఎడమచేత్తో పట్టుకుని, పెన్సిలును చర్మానికి ఆనించి గీశాను. వేళ్లు లేని చోట, మడమ మీద కొత్త మచ్చ దగ్గర నెమ్మదిగా గీశాను. పాదం వెచ్చగా ఉంది. జోగమ్మకు నా చెయ్యి తెలియదు. కానీ చూస్తోంది, ఈసారి పాదాన్ని తను కదపలేదు.

ఇరవై ఏళ్లుగా కత్తి పట్టుకుంటున్నాను. ఈ పనిలో నాకు పెద్ద పాఠం చెప్పింది ఆ ఒక్క జత చెప్పులే. ఎవరూ ఏమీ అనలేదంటే మన పని బాగుందని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పులు ఎలా ఉన్నాయని నేనెవరినీ అడగను, కాలు చూపించమంటాను. కోసిన ప్రతి సోల్‌కూ బుగ్గ పెడతాను, సంత రోజైనా, ఎవరు చూస్తున్నా. ఫోటో తీసుకునేవాళ్లు తీసుకోవచ్చు.

కొత్త జత అమ్మ చూసింది, నేను చూశాను, ఆఖరున జోగమ్మ కళ్లు మూసుకుని చూసింది. తొడుక్కుని లేచి, బుట్ట నెత్తిన పెట్టుకుని, అమ్మ అప్పుడే కడిగిన గచ్చు మీదుగా సంత వైపు నడిచింది. మేమిద్దరం వెనకాలే వెళ్లి ఆమె అడుగులు చూశాం. తడి సిమెంటు మీద కుడీ ఎడమా టైరు గీతలు పడ్డాయి. ఇంకే మరకా లేదు.